ధార చీర

నవంబర్ 14, పెనుకొండ స్టేషన్

రైలు ఇంకా రాలేదు. బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. ఇంటికి పోయాక రాయడానికి మొహం చెల్లదు.

కార్ల సామాన్లు చేసే కంపెనీలో ఈ రోజు ఇంటర్వ్యూ. పొద్దున అమ్మ నా సర్టిఫికెట్లు దేవుడి ముందు పెట్టి వాటికి కూడా కుంకుమ అంటించింది. ఇంటర్వ్యూ చేసే ఆయన ఆ కుంకుమ చూసి నవ్వాడు. దాని కింద బీయస్సీ కెమిస్ట్రీ అని చదివి నవ్వు ఆపేశాడు. డిగ్రీ వాళ్ళు నిలబడరమ్మా, డిప్లొమా ఉంటే చెప్పు అన్నాడు. నిలబడతాను సార్ అన్నాను. అందరూ అట్లనే అంటారన్నాడు.

పోయిన నెల హిందూపురంలో మందుల కంపెనీ వాళ్ళు ఇంకో రకం. ఏదో పెద్ద మిషను పేరు చెప్పి, నడిపావా అని అడిగారు. మా కాలేజీలో ఆ మిషను ఉంది, పుస్తకంలో బొమ్మగా. కొలిచే గాజు బ్యూరెట్లే సగం పగిలిపోయినవి. బొమ్మ చూశాను సార్ అని నిజం చెప్పాను. నిజం చెప్తే మెచ్చుకుంటారని ఎవరు చెప్పారో నాకు.

ఒకరికి నా చదువు ఎక్కువైంది, ఒకరికి తక్కువైంది. రెంటికీ చెడ్డ రేవడిని.

అమ్మ ఫోన్ చేస్తూనే ఉంది. ఎత్తలేదు.

నవంబర్ 15

ఏమీ లేదు.

నవంబర్ 21

మా వీధి మొత్తానికి సైన్సులో ఫస్ట్ క్లాసు వచ్చిన ఆడపిల్లని నేనే. ఆ ముక్క అమ్మ ధర్మవరమంతా చెప్పింది. ఇప్పుడు ఊరంతా కలిసి దానికి వడ్డీ అడుగుతోంది. ఉద్యోగం వచ్చిందా అని అడగని వాడు పాపాత్ముడు. నాయన ఒక్కడే అడగడు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని తన నేత తను నేసుకుంటాడు. అడిగితే బాగుండు అనిపిస్తుంది. అడగకపోతే, నా మీద ఆశ వదులుకున్నాడేమో అనిపిస్తుంది.

నవంబర్ 29, హిందూపురం

ఉద్యోగం వచ్చింది.

రెడీమేడ్ చొక్కాల ఫ్యాక్టరీ. కుట్టిన చొక్కాలకు అక్కడక్కడా వేలాడే దారాలు కత్తిరించాలి. అంతే పని. చిన్న కత్తెర చేతికిచ్చారు. గేటు దగ్గర పేర్లు రాసుకునేవాడు ఎంతవరకు చదివావన్నాడు. పెనుకొండలో తగిలిన దెబ్బ గుర్తొచ్చి ఇంటర్ అన్నాను. పాసా ఫెయిలా అన్నాడు. ఫెయిల్ అన్నాను. ఫెయిలైన పిల్ల ఎక్కడికీ పోదు కదా. పాపం, చాలా సంతోషపడ్డాడు.

సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి, కంపెనీ ల్యాబ్‌లో కెమిస్టుగా తీసుకున్నారని చెప్పాను. అమ్మ ఏడ్చింది. నాయన ఫోన్ తీసుకుని, తిండి సరిగా తినమ్మా అన్నాడు.

ఇక్కడ చదివిన చదువు దాచాను. అక్కడ లేని ఉద్యోగం చెప్పాను. రెండుసార్లూ నోరు తడబడలేదు.

పూర్తి అబద్ధం కూడా కాదు. ఇంత పెద్ద కంపెనీలో గుడ్డ పరీక్ష చేసే గది ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. కొన్నాళ్ళు పని చేసి, సార్‌ను అడిగి అందులోకి మారిపోతాను. అప్పుడు చెప్పింది నిజమే అవుతుంది. కాస్త ముందుగా చెప్పానంతే.

డిసెంబర్ 8

హాస్టల్లో నా గదిలో ఉండే పిల్ల పేరు మల్లిక. తనకల్లు దగ్గర పల్లె. ఇంట్లో గొర్రెలున్నాయంట. నా లైనులోనే నా పక్కనే కూర్చుంటుంది. నేను అమ్మతో ఫోన్లో మాట్లాడడం విని మొదటి రోజే పసిగట్టేసింది. అప్పటినుంచి నన్ను కెమిస్టమ్మ అంటుంది. భోజనం దగ్గర ఎవరూ లేనప్పుడే అంటుందిలే, మంచిదే.

పట్టు నేసేవాళ్ళ బిడ్డవు, ఈడకొచ్చి నూలు దారాలు కత్తిరిస్తాండావు అని నవ్వింది ఈ రోజు. నాకు నవ్వు రాలేదు. తర్వాత వచ్చింది.

డిసెంబర్ 20

ల్యాబ్‌లో ఏసీ ఉంటుందా అని అమ్మ అడిగింది. ఉంటుందన్నాను.

జనవరి 12

మా కంపెనీలో ల్యాబ్ లేదు. గుడ్డ బెంగళూరులోనే పరీక్ష అయి వస్తుందంట.

జనవరి 26, ధర్మవరం

ఆదివారం సెలవని ఇంటికొచ్చాను. రాకుండా ఉండాల్సింది.

అమ్మ నాకు చుట్టాలకిచ్చే గ్లాసులో కాఫీ ఇచ్చింది. పక్కింటి నాగలక్ష్మి అత్త మొహానికి రాసుకునే క్రీము ట్యూబు పట్టుకొచ్చి, ఇందులో కెమికల్ మంచిదేనా చూసి చెప్పమ్మా అంది. ట్యూబు వెనక చదివి, కాసేపు ఆలోచించి, పరవాలేదత్తా అన్నాను. ఆలోచించినట్టు మొహం పెట్టడం నాకు బాగా వచ్చేసింది. ఇంకా సిగ్గుమాలిన సంగతి ఏమంటే, ఆ కాసేపూ నాకు బాగుండింది.

మధ్యాహ్నం నాయన మగ్గం గుంతలోంచి లేచి వచ్చాడు. చేతిలో ఎర్ర పట్టు లడి ఒకటి, చిన్న దారపు చుట్ట.

సంగతి ఇది. హిందూపురం పక్క పెళ్ళిళ్ళలో కన్యాదానం ధార పోసేటప్పుడు పెళ్ళికూతురు కట్టుకునేది ధార చీర. తెల్లటి చీరకు ఎర్రంచు. చేతుల మీద పాలూ నీళ్ళూ పోస్తారు, అవన్నీ చీర మీదికే కారతాయి. నాయనకు పట్టిచ్చి నేయించే సావుకారు రాఘవేంద్ర గారు అట్లాంటి చీర ఒకటి నేయమని ఇచ్చారు. హిందూపురంలో వాళ్ళకు కావలసినవాళ్ళ పిల్ల పుష్ప పెళ్ళికి. మామూలుగా మాకు రంగు అద్దేది తిరుపాల్ మామ. ఆయన చెయ్యికి ఆపరేషన్ అయి పడుకున్నాడు. ఈ ఎరుపు ఎక్కడో కొత్తచోట అద్దించి తెచ్చారు. నాయన తడిచేత్తో రుద్ది చూశాడంట, అంటలేదు. అయినా మనసు ఒప్పడం లేదు.

"చూసి చెప్పమ్మా. నీకు తెలుస్తాది. నువ్వు సరే అంటేనే అంచు ఎక్కిస్తా" అన్నాడు.

"దాని ల్యాబ్‌లో ఎంతసేపు, చిటికెలో చెప్తారు" అంది అమ్మ.

లడిని బ్యాగులో పెట్టుకున్నాను. ఇంకేం చెయ్యను.

ఫిబ్రవరి 2

లడి పెట్టెలో ఉంది. ఈ వారం ఓవర్ టైము.

ఫిబ్రవరి 5

మల్లిక అడిగింది, ఆ దారం ఏం చేస్తావని. చేస్తాలే అన్నాను.

పరీక్ష అంటే పరీక్షలాగ చెయ్యాలి. సరైన సామాన్లుండాలి, పద్ధతి ఉండాలి. హాస్టలు బాత్రూం ముందు మగ్గులో నీళ్ళు పెట్టుకుని కూర్చునేది పరీక్ష ఎట్లవుతుంది. ఆ మగ్గు ముందు కూర్చుంటే నేను ఏమిటో నాకే కనపడుతుంది. అది వద్దు.

ఫిబ్రవరి 7

లడి పెట్టెలోనే ఉంది.

ఫిబ్రవరి 9

పెళ్ళి దగ్గరపడుతోందని సావుకారు తొందర పెడుతున్నారంట. నాయన ఫోన్ చేశాడు. చూసినావామ్మా అన్నాడు. చూశాం నాయనా, పాసయింది అన్నాను.

"ధార చీరమ్మా. నీళ్ళు పడతాయి."

"ఏం కాదు. ఎక్కించు."

సరేనన్నాడు. ఇంకో మాట అడగలేదు.

చిక్కటి ఎరుపు. చూస్తేనే తెలుస్తుంది మంచి రంగని. సావుకారు ఎంచి ఎంచి తెప్పించింది, నాసిరకం తెప్పిస్తారా. పైగా నాయన చేత్తో రుద్ది చూశాడు కదా.

ఫిబ్రవరి 24

చీర అయిపోయిందంట. అమ్మ ఫోటో పంపింది. నిజంగా బాగుంది. మల్లికకు చూపించాను. ఇట్లాంటిది కట్టుకుని మా గొర్రెల్లో తిరగల్ల అంది. మనసులో బరువు దిగిపోయింది.

మార్చి 7

రంగు దిగింది.

మార్చి 8

నిన్న రాయలేకపోయాను. అమ్మ ఫోన్లో చెప్పింది చెప్పినట్టు రాస్తాను.

పీటల మీద ధార పోస్తున్నారు. పెళ్ళికూతురి అమ్మానాన్నలు పాలూ నీళ్ళూ పోస్తుంటే అవి ఆ పిల్ల ముంజేతుల మీదుగా ఒళ్ళోకి కారాయి. అంచు తడిసింది. కాసేపటికి ఎవరో ముసలావిడ, అయ్యో పిల్లకు చెయ్యి తెగిందే అందంట. తెగలేదు. తెల్లచీర మోకాళ్ళ దగ్గరనుంచి పాదాల దాకా ఎర్రగా పారింది. వాయించేవాళ్ళు కూడా ఆపేశారంట. పుష్ప లేచి నిలబడింది, మళ్ళీ కూర్చోబెట్టారు. అపశకునమని మగపెళ్ళివాళ్ళ వైపు పెద్దవాళ్ళు గొణిగారు. పెళ్ళయితే జరిగింది. కానీ ఆ పిల్లను అందరూ ఇక ఎట్లా చూస్తారో అని అమ్మ బాధ.

నేను ఏమన్నానంటే, పాలవల్ల అయ్యుంటుంది, మేము నీళ్ళతోనే చూశాం అన్నాను. అప్పటికప్పుడు నోట్లోంచి అంత బాగా వచ్చింది. ఫోన్ పెట్టాక నా చెంప నేనే కొట్టుకున్నాను. నాటకం కాదు, గట్టిగానే కొట్టుకున్నాను.

మార్చి 9

ఆదివారం. ఇంటికి పోలేదు. జ్వరమని చెప్పాను.

మార్చి 12

సావుకారు ఇంటికి పిలిపించి అడిగితే నాయన ఏం చెప్పాడో తెలిసింది. అంచు రంగు నేనే చూసి సరే అనుకున్నా సామీ, తప్పు నాదే అన్నాడంట. నా పేరెత్తలేదు. నలుగురు నేతగాళ్ళ ముందర చెప్పాడంట ఆ మాట. చిన్నప్పటినుంచి మగ్గం తొక్కుతున్న మనిషి, నాకు రంగు తెలియలేదని నలుగురి ముందర ఒప్పుకున్నాడు.

సావుకారు తర్వాతి చీరకు వార్పు దారం ఇవ్వలేదు. మగ్గం ఖాళీ. అమ్మ చెప్పింది, నాయన పొద్దున అలవాటు కొద్దీ గుంతలో దిగి కూర్చుని, మళ్ళీ లేచి వస్తున్నాడని.

మార్చి 13

లైనులో మూడు చొక్కాలు దారంతోపాటు గుడ్డ కూడా కత్తిరించేశాను. సూపర్వైజరు కన్నడంలో తిట్టాడు. తిట్టించుకోవడం బాగుంది.

మార్చి 16

ఈ ఆదివారమూ పోలేదు. అమ్మే ఫోన్ చేసింది. ఆమెకు ఒక ఉపాయం తట్టిందంట.

"మీ నాయన పిచ్చోడు, నీ మాట చెప్పనే లేదు. నువ్వు ల్యాబ్‌లో చూసినావు కదా, ఆ కాగితం తీసుకురా. సీలేసింది. సావుకారు మొగాన పెడతా. నువ్వు చూసిన లడి బాగుందంటే, అద్దినోళ్ళు తక్కినదాంట్లో మోసం చేసినారని తేలిపోతాది. మీ నాయనకు మాట రాకూడదు సుచీ."

కాగితాలు బయటికివ్వరమ్మా అన్నాను. సొంత నాయనక్కూడా ఇయ్యరా అంది. ఆమెకు కోపం వచ్చింది, నా మీద కాదు, నా కంపెనీ మీద.

మార్చి 18

ఈ సంగతి రాయకూడదనుకున్నాను. రాస్తాను.

షిఫ్టు దిగి, కంప్యూటర్లో కాగితాలు కొట్టిచ్చే షాపుకు పోయాను. అక్కడుండే ఆమె చాలా మర్యాద గలది. టెస్ట్ రిపోర్టు అని చెప్తే మంచి నమూనా ఒకటి తీసి చూపించింది. తేదీ చెప్పాను. పట్టు, ఎరుపు అని చెప్పాను. పరీక్ష చేసినవారి పేరు అంటే, సుచిత్ర, బీయస్సీ అని చెప్పాను. తెర మీద అది పడింది. హిందూపురం వచ్చాక నా పేరు పక్కన నా డిగ్రీ చూసుకోవడం అదే మొదటిసారి. చూస్తూ ఉండిపోయాను.

ఫలితం ఏం కొట్టాలమ్మా అంది.

వద్దక్కా, మళ్ళీ వస్తానని బయటికొచ్చేశాను. అంత మంచిదాన్నేం కాదు. ఆమె అడక్కుండా తనే ఏదో ఒకటి కొట్టి ఇచ్చుంటే, తెచ్చేసుకునేదాన్ని.

మార్చి 21

పెట్టెలోంచి లడి తీశాను.

వంట చేసే ఆమెను అడిగి వేడినీళ్ళు తెచ్చుకున్నాను. మగ్గులో పోసి, సబ్బు కాస్త చెక్కి వేశాను. ఫ్యాక్టరీలో పారేసే తెల్లగుడ్డ పేలిక ఒకటి ఉంటే, ఎర్రదారం దానికి చుట్టి ముంచాను. మల్లిక గోడకానుకుని చూస్తూ నిలబడింది.

నీళ్ళు వెంటనే తిరిగాయి. మొదట గులాబి రంగు. చేత్తో ఒక్కసారి కదిపేసరికి మగ్గంతా ఎరుపు. పేలిక తీసి పిండితే నా చేతులంతా అదే. రంగు పైపైన పట్టించారు, ఉడికించనే లేదు. కడగనూ లేదు. ఇది కనిపెట్టడానికి ఏ మిషనూ అక్కర్లేదు. మంచం మీద కూర్చుని టీ తాగేంత సేపు కూడా పట్టలేదు.

మల్లిక మగ్గులోకి వంగి చూసింది. తర్వాత అంది:

"ఇది అప్పుడే ఎందుకు చెయ్యలేదే?"

తిట్టినట్టు కాదు. నిజంగా తెలియక అడిగింది. మగ్గు తీసుకుపోయి నీళ్ళు పారబోశాను. ఆ పిల్ల ఇంక నన్ను కెమిస్టమ్మ అనదు. అనకపోవడం ఇంత కష్టంగా ఉంటుందనుకోలేదు.

మార్చి 23, ధర్మవరం

స్టేషన్లో దిగి ఇంటికి పోలేదు. ఇంటికి పోతే అమ్మ కాఫీ ఇస్తుంది, నా ధైర్యం ఆ కాఫీలో కలిసిపోతుంది. తిన్నగా రాఘవేంద్ర గారింటికి పోయాను.

ఆయన నాకు కుర్చీ వేయించారు. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. ల్యాబ్ లేదండీ, నేను రెడీమేడ్ ఫ్యాక్టరీలో దారాలు కత్తిరిస్తాను. నాయన రంగు చూడమని నాకిచ్చాడు. నేను చూడకుండానే బాగుందని చెప్పాను. మొన్న చూశాను, మగ్గు నీళ్ళలో వేస్తే దిగిపోయింది. తప్పు నాయనది కాదు, నాది. ఇంతే. దారిలో ఇంకా చాలా అనుకున్నాను, అన్నీ పోయాయి.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మీ నాయన నలుగురిలో తప్పు నాదన్యాడు, ఇప్పుడు నువ్వు నాదంటాండావు, ఆ పిల్ల చీర మాత్రం తెల్లగ కాదు కదమ్మా అన్నారు. కోపంగా అనలేదు. వార్పు సంగతి ఎత్తలేదు. నేను అడగలేదు. అడిగే మొహమా ఇది. పోయి రా అన్నారు.

ఇంటికొచ్చేసరికి అమ్మ వంటింట్లో ఉంది. నాయన మగ్గం గట్టు మీద కూర్చుని, ఖాళీ మగ్గానికి పట్టిన దుమ్ము గుడ్డతో తుడుస్తున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. సావుకారుకు చెప్పినంత తేలిక కాదు ఇది. చివరికి చెప్పాను.

"నాయనా, నేను చేసేది ల్యాబ్‌లో కాదు."

ఆయన తుడవడం ఆపలేదు.

"తెలుసమ్మా."

ఆయనే చెప్పాడు. నేను చేరిన కొత్తలో నన్ను చూసి పోదామని హిందూపురం వచ్చాడంట, ఎవరికీ చెప్పకుండా. గేటు ఎదురుగా టీ అంగడి దగ్గర నిలబడ్డాడంట.

"షిఫ్టు ఇడిసినారు. నువ్వు ఎవురో పిల్లతో నవ్వుకుంటా బయటికొస్తివి. తలనిండా దారాలు. పిలుద్దామనుకున్యా. పిలిస్తే నువ్వు చిన్నబోతావని మళ్ళా రైలెక్కినా."

ఇన్నాళ్ళూ. క్రీము ట్యూబు చదివి చెప్పినప్పుడు కూడా ఆయన ఈ గుంతలోనే కూర్చుని విన్నాడు. ఏసీ సంగతీ, పాల సంగతీ అన్నీ విన్నాడు. నేల చీలి లోపలికి పోతే బాగుండనిపించింది. సిగ్గుకు కూడా ఒక అడుగు ఉంటుందనుకున్నాను, లేదు.

అయినా ఒకటి అర్థం కాలేదు. అడిగాను.

"ల్యాబ్ లేదని తెలిసి, పట్టు నాకెందుకిచ్చినావు నాయనా?"

అప్పుడు తుడవడం ఆపి నావైపు చూశాడు. నేనేదో తిక్క ప్రశ్న అడిగినట్టు చూశాడు.

"ల్యాబుండాదని ఎవురిచ్చినారమ్మా? సదువుకున్యావు కదా అని ఇచ్చినా."

వంటింట్లోంచి అమ్మ అన్నానికి రమ్మని పిలిచింది. ఇద్దరం లేవలేదు.